ఇసాక్ గ్రీర్ తలుపు

"టైటానిక్ అడుగున మనిషిని పెట్టి రివెట్లు కొట్టేశారటగా, నిజమేనా?" అని అడుగుతూ ఇప్పటికీ మా గుమ్మం ఎక్కుతారు జనం. బెల్‌ఫాస్ట్‌లో, అందులోనూ ఓడలు కట్టే యార్డు పక్క వీధిలో పుట్టిన పాపానికి నాకీ బాధ తప్పడం లేదు. కొందరు టోపీ తీసి మర్యాదగా అడుగుతారు. కొందరు తలుపు పూర్తిగా తీయకముందే అడిగేస్తారు. అదొక్కటేనా! ఓడ నెంబరు అద్దంలో చూస్తే కాథలిక్కుల పెద్ద గురువు పోపును తిట్టినట్టు ఉండేదటగా? ఓడ నెంబరు నాలుగు వందల ఒకటి, నాయనా. అద్దంలో చూసుకో, నీళ్ళలో చూసుకో, తలకిందులుగా వేలాడి చూసుకో, అందులో పోపూ లేడు, పాదిరీ లేడు. నీళ్ళలోకి దించేటప్పుడు ఆచారం ప్రకారం దాని ముక్కు మీద సారా సీసా పగలగొట్టకపోబట్టే మునిగిందటగా? మా యార్డులో ఏ ఓడకీ సీసా కొట్టరు. కట్టడం, నీళ్ళలోకి తోయడం, అంతే. అలా తోసినవి ఎన్నో తుప్పు పట్టేదాకా హాయిగా తిరిగాయి. ఎన్నటికీ మునగదని అన్నారటగా? ఎవరన్నారో నాకు తెలీదు. మా వీధి మగాళ్ళంతా ఆ ఓడకి చెమటోడ్చినవాళ్ళే, ఆ మాటన్నవాణ్ణి ఒక్కణ్ణి చూపించమనండి. నీళ్ళలో పడ్డ ఇనుము ఏం చేస్తుందో ఇనుము పనివాడికి ఒకరు చెప్పాలా!

వీటన్నిటికీ జవాబు చెప్పి పంపేస్తాను. మొదటి ప్రశ్న దగ్గర మాత్రం నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఎందుకంటే ఆ ఓడ అడుగున ఉండిపోయాడని ఊరంతా చెప్పుకున్న మనిషి మా అక్క మొగుడు.

మా అక్క పేరు హెస్సీ. మా అమ్మ పోయేనాటికి దానికి పదకొండేళ్ళు, నేను చంకలో పిల్లని. అప్పటినుంచే దానికి సగం రోజు బడి, సగం రోజు మిల్లు. నారదారం వడికే గది అంటే పాదాలు మునిగేటంత నీళ్ళు, పైనుంచి ఆవిరి, చెప్పుల్లేకుండా నిలబడాలి. ఆ మరల రొదలో ఎంత అరిచినా మాట వినపడదు. అందుకని మిల్లు ఆడవాళ్ళు గొంతు పెగల్చకుండా పెదాలు కదిపి మాట్లాడుకుంటారు, చూసి అర్థం చేసుకుంటారు. ఇరవై ఐదేళ్ళు వచ్చేసరికి అక్క చెవులు సగం పోయాయి. కళ్ళు మాత్రం, అబ్బో! వీధి ఆ చివర ఎవరైనా దాని గురించి గుసగుసలాడితే ఈ చివరి నుంచి జవాబు చెప్పేది. దాని ముందు చాడీలు చెప్పుకోవాలంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాళ్ళు మా వీధి ఆడవాళ్ళు.

అలాంటి మనిషికి వెస్లీ పర్డీ మొగుడయ్యాడు. చూడ్డానికి బావుంటాడు, పాడతాడు, తీయగా మాట్లాడతాడు. బావా అని ఎన్నిసార్లు పిలిచానో తలుచుకుంటే ఇప్పుడు నోరు కడుక్కోవాలనిపిస్తుంది. యార్డులో రివెట్లు, అంటే ఓడ ఇనుప పలకల్ని కలిపే కాల్చిన మేకులు, కొట్టేవాడు, ఎడమచేతివాటం. ఆ పనిలో ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ఒకే రివెట్టు మీద వంతులవారీగా సుత్తి దెబ్బలు వేయాలి, కాబట్టి ఒకడు కుడిచేతివాటం, ఒకడు ఎడమచేతివాటం అయితే పని అందంగా సాగుతుంది. వెస్లీకి జోడీ మా ఎదురింటి ఇసాక్ గ్రీర్. ఇద్దరూ కలిసి వెళ్ళేవాళ్ళు, కలిసి వచ్చేవాళ్ళు, ఆదివారం చర్చిలో ఒకే బల్ల మీద కూర్చునేవాళ్ళు.

యార్డులోకి వెళ్ళేటప్పుడు టైమాఫీసు కిటికీ దగ్గర ఒక్కొక్కడికీ నెంబరు వేసిన చెక్కబిళ్ళ ఇస్తారు. బయటికొచ్చేటప్పుడు అది తిరిగి ఇచ్చేయాలి. కొక్కేనికి బిళ్ళ వేలాడుతుంటే మనిషి బయట ఉన్నట్టు. కొక్కెం ఖాళీగా ఉంటే లోపల ఉన్నట్టు. మా ఊళ్ళో బైబిలు పట్టుకుని చెప్పినా నమ్మనివాడు బిళ్ళ మాట నమ్ముతాడు.

టైటానిక్‌కి అప్పటికి పక్కలు లేవలేదు, అడుగు పని నడుస్తోంది. చలికాలం, శుక్రవారం, జీతాల రోజు. ఆ రోజు పెళ్ళాలందరూ గేటు దగ్గర కాపలా కాయడం మా వీధుల్లో మామూలే, లేకపోతే జీతం ఇంటికి రాకముందే సారా కొట్టుకి పోతుంది. అక్క కూడా శాలువా కప్పుకుని, కళ్ళలో వత్తులు వేసుకుని గేటు పక్కన నిలబడింది. వేలమంది బయటికొచ్చారు. ఇసాక్ కూడా వచ్చాడు, తల వంచుకుని.

"మా ఆయనేడి ఇసాక్?" అంది అక్క.

"నా వెనకే వస్తున్నాడనుకున్నానమ్మా," అన్నాడు, ఆగకుండానే.

జనం పలచబడ్డారు. చివరికి గేటు వేసేవాడు తప్ప ఎవరూ మిగల్లేదు. అక్క టైమాఫీసు కిటికీ దగ్గరకి వెళ్ళింది. లోపలున్నాయన కొక్కేల వైపు చూసి, "పర్డీ బిళ్ళ రాలేదమ్మా. లోపలే ఉన్నాడు," అన్నాడు.

ఆ మాటతో మొదలైంది. యార్డువాళ్ళు వెతకలేదని నేను అనను. ఆ రాత్రీ, మర్నాడూ దీపాలు పట్టుకుని వెతికారు. ఆ ఓడ అడుగున రెండు పొరల ఇనుముంటుంది. ఆ రెంటి మధ్యా మనిషి పాక్కుంటూ వెళ్ళే గదులు. మర చేరని మూలల్లో చేత్తో రివెట్లు కొట్టే పని వెస్లీదీ ఇసాక్‌దీ. ఆ శుక్రవారమే కొన్ని గదులు మూసేశారు. మేస్త్రీ మూతలన్నీ తీయించి చూశాడు, లోపల ఎవరూ లేరన్నాడు. ఎవరు వింటారు? ఆదివారం చర్చి వదిలేసరికి ఊరంతా పాకిపోయింది. ఒకడు లోపలినుంచి తడుతున్న చప్పుడు విన్నానన్నాడు. ఇంకొకడు ఏడుపు విన్నానన్నాడు. సోమవారానికి రివెట్లు కొట్టేవాళ్ళు ఆ చోట పని చేయమని కూర్చున్నారు.

అప్పుడు అక్కని లోపలికి రానిచ్చారు. ఆడది యార్డులో అడుగుపెట్టడం అంతకుముందు నేను విని ఎరగను. అక్క నన్ను వెంటబెట్టుకుంది. నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు, చేతిరుమాళ్ళు కుట్టే పని. మిల్లు రొద ఎరగను కాబట్టి నా చెవులు బాగానే ఉన్నాయి.

"కొట్టేది నేను. వినేది నువ్వు," అంది.

భోజనాల కూత వేశారు. యార్డులో సుత్తి చప్పుడు ఆగిపోవడం అంటే ఏమిటో ఆ రోజే తెలిసింది నాకు. అంతమంది మగాళ్ళు టోపీలు తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డారు. ఇసాక్ గ్రీర్ ముందుకొచ్చి, వెస్లీ సుత్తి అక్క చేతికిచ్చాడు. తను దీపం పట్టుకుని ఆ సందుల్లోకి దారి చూపించాడు.

అక్క మూడు దెబ్బలు కొట్టింది. నేను ఇనుముకి చెంప ఆనించాను. చల్లగా, తుప్పు వాసన.

"వినిపించిందా టిల్లీ?"

"లేదక్కా."

"చెవి సరిగ్గా ఆనించు. ఈ సుత్తి చప్పుడు వెస్లీకి తెలుసు. మూడింటికి మూడు కొడతాడు."

మళ్ళీ మూడు. ఇంకో చోట మూడు. మోకాళ్ళ మీద పాక్కుంటూ ఒక గది, ఇంకో గది. ప్రతిచోటా ముందుగా ఇసాక్ దీపం, వెనక అక్క, ఆ వెనక నేను. అది అడగడం, నేను లేదనడం. చివరికి దాని మోకాళ్ళ దగ్గర గౌను చిరిగి రక్తం కనిపించింది. "చాలమ్మా, ఇంటికి పోదాం," అన్నాడు ఇసాక్, ఎంతో మెత్తగా. అక్క సుత్తి తిరిగివ్వలేదు, శాలువాలో చుట్టుకుని ఇంటికి తెచ్చుకుంది.

మర్నాటి నుంచి నల్ల గౌను వేసుకుంది. శవం లేదు, సమాధి లేదు, పాదిరీ ప్రార్థన చేయనన్నాడు. అయినా వీధి దాన్ని వెస్లీ విధవ అనే పిలిచింది. మొదట్లో గౌరవంగానే చూశారు. మా పక్కింటి బెల్లా మెక్కీ రోజుకో సోడా రొట్టె చేసి తెచ్చేది. తెచ్చి ఊరికే ఇస్తుందా? కూర్చుని ప్రశ్నలు. "ఒక్క చప్పుడైనా వినపడలేదా హెస్సీ? ఆకలికి పోయి ఉంటాడా, గాలాడకనా?" రొట్టె ముక్క గొంతు దిగేది కాదు మాకు.

మరుసటి ఏడాది ఎండాకాలం మొదట్లో ఓడని నీళ్ళలోకి దించారు. ఊరంతా పండగ. పిల్లలకి నారింజపళ్ళు కొనిచ్చి నది గట్లకి తీసుకెళ్ళారు. మాలో శవం వెంట ఆడవాళ్ళు వెళ్ళరు, మగాళ్ళే సాగనంపుతారు. ఆడవాళ్ళు కిటికీ తెరలు దించుకుని ఇంట్లో కూర్చోవాలి. అక్క ఆ రోజు తెరలు దించింది. వీధిలో తెరలు దించిన ఇల్లు మాదొక్కటే. పొద్దున్నే ఇసాక్ ఆదివారం కోటు వేసుకుని మా గుమ్మంలోకి వచ్చాడు.

"వెళ్ళొస్తామమ్మా. వాణ్ణి మేం సాగనంపుతాం," అన్నాడు.

అక్క వాడి చేతులు రెండూ పట్టుకుని ఏడ్చింది. ఆ చేతులు పట్టుకుని! మధ్యాహ్నం నదివైపు నుంచి కేకలు, ఓడల కూతలు వినిపించాయి. "కదిలిందా?" అని అడిగింది నన్ను. కదిలిందన్నాను. లేచి టీ పెట్టింది.

ఆ మరుసటి ఏడాది ఏప్రిల్‌లో ఓడ మునిగిన వార్త వచ్చింది. మా ఊళ్ళో మగాళ్ళు నడివీధిలో ఏడవడం అప్పుడే చూశాను. మా వీధివాళ్ళకి అది ఓడ కాదు, మూడేళ్ళ బతుకు. బెల్లా చెల్లెలి కొడుకు అందులో బొగ్గు వేసేవాడు, తిరిగి రాలేదు. అక్క రొట్టె చేసి, టీ ఆకు పొట్లం కట్టుకుని బెల్లా ఇంటికి వెళ్ళింది. బెల్లా గుమ్మంలోనే ఆపేసింది.

"నీ రొట్టె నాకక్కర్లేదు. చచ్చినవాణ్ణి కడుపులో పెట్టుకుని ఏ ఓడ తేలుతుంది?"

"ఏమిటి బెల్లా, నువ్వేనా ఆ మాటనేది?"

"నేనే కాదు, ఊరంతా అంటోంది. నీ మొగుడి ఆత్మ ఊరుకుంటుందా? అంతమందిని పట్టుకుపోయాడు. మా పిల్లాణ్ణి కూడా."

బెల్లా దుఃఖంలో అందని సరిపెట్టుకోవచ్చు. మిగిలినవాళ్ళ సంగతేమిటి? వారం తిరక్కుండా అక్క ఓడ ముంచినవాడి పెళ్ళాం అయింది. కొట్టులో దాని చేతి చిల్లర బల్ల మీద పెట్టమనేవాళ్ళు, చేత్తో అందుకోరు. పత్రికవాడొకడు వచ్చి, కలలో మీ ఆయన కనపడుతున్నాడా అని అడిగాడు. కుండెడు నీళ్ళు వాడి నెత్తిన కుమ్మరించింది నేనే, ఈ రోజుకీ నాకు బాధ లేదు. అన్నిటికన్నా ఘోరం మిల్లు. దాని పక్క మర దగ్గర ఎవరూ నిలబడమన్నారు. సూపర్వైజరు పిలిచి చెప్పాడు: "నీ పని బావుంది హెస్సీ. కానీ ఇక్కడ పనిచేసే పిల్లలు భయపడుతున్నారు. చలికాలం వచ్చేలోగా ఇది సద్దుమణగకపోతే నిన్ను ఉంచలేను." పదకొండో ఏటి నుంచి ఆ నీళ్ళలో నిలబడి చెవులు పోగొట్టుకున్న మనిషి! దానికి చేతనైన పని అదొక్కటే. ఊళ్ళో ఏ మిల్లుకి వెళ్ళినా దానికన్నా ముందు దాని కథ వెళ్తుంది.

ఆ ఎండాకాలంలో ఒక శనివారం నేనూ అక్కా వీధి మూల రొట్టెల కొట్టులో ఉన్నాం. కొట్టుకి పెద్ద గాజు కిటికీ. దానికవతల, రోడ్డుకి ఆ పక్క, నలుగురైదుగురు మగాళ్ళు గొడవపడుతున్నారు. మధ్యలో ఇసాక్ గ్రీర్, మొహం ఎర్రగా కందిపోయి, చేతులూపుతున్నాడు. ఏమంటున్నాడో నాకు ఒక్క ముక్క వినపడలేదు. అక్క చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది. వాడి పెదాల వంక చూస్తోంది.

"ఏమిటక్కా?"

రొట్టె బల్ల మీద పెట్టేసింది. వాడి మాటలు ఒక్కొక్కటీ పైకి చెప్పింది, మిల్లులో పెదాలు చూసి చెప్పినట్టే, గొంతులో ఏ మార్పూ లేకుండా. "నేను కొట్టిన రివెట్టు ఒక్కటీ ఊడదు. తొందరపడి కొట్టామని ఎవడన్నా అంటే పళ్ళు రాలగొడతాను. ఆ అడుగున ఎవడూ లేడు. వెస్లీని పడవలో కూర్చోబెట్టి, తెడ్డు వేసి, గ్లాస్గో ఓడ ఎక్కించింది నేనే."

నాకు అర్థమయ్యేలోగా అది రోడ్డు దాటేసింది. నేను పరిగెత్తాను. దాన్ని చూడగానే మగాళ్ళు నోళ్ళు మూసుకున్నారు.

"ఏమన్నావు ఇసాక్?"

"ఏమీ లేదమ్మా. ఏదో పని గొడవ."

"మళ్ళీ అను. గట్టిగా అను, నాకు చెవులు సరిగ్గా వినపడవుగా."

అక్క కదల్లేదు. చివరికి ఇసాక్ కక్కాడు. "వాడు అడిగాడమ్మా. గ్లాస్గో పక్క గోవన్‌లో ఎవరో ఆడమనిషి ఉంది వాడికి. గేటు దగ్గర నువ్వుంటావు, మూట పట్టుకుని నీ ముందు నుంచి ఎలా పోతాడు? అందుకని కూత వేయకముందే యార్డు వెనక నది మెట్ల దగ్గర్నుంచి పడవలో… నాలుగు రోజులు నోరు మూసుకోమన్నాడు. ఈలోగా ఊరంతా లోపలున్నాడు, లోపలున్నాడని… ఇంకెలా చెప్పను? నీ మొహం చూసి ఎలా చెప్పను?"

"నా మొహం చూసి చెప్పలేకపోయావు. ఇవాళ ఎవరి మొహం చూసి చెప్పావు?"

"మా పనిని తప్పుపడితే ఎలా ఊరుకుంటానమ్మా? రివెట్లు ఊడిపోయాయంటున్నారు…"

"నీ రివెట్టుని ఒక మాటంటే ఒక్క నిమిషం ఓర్చుకోలేకపోయావు. నన్ను ఊరంతా కాల్చుకు తింటుంటే రెండేళ్ళు ఓర్చుకున్నావు." అంతవరకూ గొంతు పెంచలేదు. అప్పుడు పెంచింది. రోడ్డు మీద ట్రాము ఆగిపోయింది. "దీపం పట్టుకున్నావు కదరా! నేను పాక్కుంటూ కొడుతుంటే నువ్వు దీపం పట్టుకున్నావు! వాడు లేడని తెలిసి, ఈ పక్కన కూడా చూడమ్మా అని దీపం చూపించావు కదరా!"

ఇసాక్ పక్కకి తప్పుకోబోతే అక్క అడ్డం నిలబడింది.

"వెస్లీ బిళ్ళ వాడి దగ్గరే ఉంటుంది," అంది అక్క. "తెచ్చి కొక్కేనికి తగిలించు. అందరూ చూస్తుండగా."

"అందరికీ తెలిసిపోతుందమ్మా. మొహం ఎక్కడ పెట్టుకోను?"

"తెలియాలనే కదా అడుగుతున్నాను."

నిజం బయటపడింది, ఇక అంతా సర్దుకుంటుందని అనుకున్నాను. ఎంత పిచ్చిదాన్ని! సాయంత్రానికే ఆ నలుగురు మగాళ్ళూ మాట మార్చేశారు. ఇసాక్ తాగి ఉన్నాడట, ఏదో వాగాడట. ట్రాములో వాళ్ళు అరుపులు విన్నారు గానీ అర్థం కాలేదట. బెల్లా అయితే, "పాపం, మొగుడు ఓడ ముంచాడనే కన్నా లేచిపోయాడని చెప్పుకుంటే పరువు అనుకుంది కాబోలు," అంది. పైగా టైమాఫీసులో కొక్కెం ఖాళీగా ఉందిగా! బిళ్ళ రానిదే మనిషి బయటికి రానట్టే. ఇసాక్ మాత్రం మా వైపు చూడకుండా గోడ పక్క నుంచి నడిచి ఇంట్లో దూరేవాడు.

మర్నాడు సాయంత్రం, యార్డు కూత వేసి మగాళ్ళంతా ఇళ్ళు చేరాక, అక్క అటక మీద నుంచి వెస్లీ సుత్తి దించింది. వీధి దాటింది. ఇసాక్ గ్రీర్ తలుపు మీద మూడు దెబ్బలు కొట్టింది. తలుపుకి చెంప ఆనించి కాసేపు నిలబడింది. తిరిగి వచ్చేసింది.

ఆ తర్వాతి రోజూ అంతే. ఆ తర్వాతా అంతే. వానొచ్చినా, ఒంట్లో బాగాలేకపోయినా, ఆదివారమైనా. మూడు దెబ్బలు, చెంప ఆనించడం, రావడం. మొదట్లో పిల్లలు వెంటపడి నవ్వారు. తర్వాత మానేశారు. ఆ వేళకి ఎవరింట్లో వాళ్ళు చెంచాలు కింద పెట్టి వినేవాళ్ళు. ఒకసారి ఇసాక్ తలుపు తీసి, "పోలీసుని పిలుస్తాను!" అని అరిచాడు. "పిలువు. ఏం జరిగిందో ఆయనకీ చెబుదువు గాని," అంది. తలుపు వేసేసుకున్నాడు. అది ఆ తలుపు మీదే మూడు కొట్టింది.

ఎప్పుడూ నోరెత్తని మనిషి ఇసాక్ పెళ్ళాం లవీనియా. ఆకులు రాలే రోజుల్లో ఒక సాయంత్రం, మూడో దెబ్బ పడ్డాక, ఆ ఇంట్లోంచి ఆవిడ అరుపు వీధంతా వినపడింది. "నేను భరించలేను! అన్నం తింటుంటే అది నా పళ్ళెంలో కొట్టినట్టుంది! వెళ్ళి ఆ చెక్కముక్క తెచ్చి దాని మొహాన కొట్టు, లేకపోతే నేనే నా పుట్టింటికి పోతాను!" ఆ రాత్రి గ్లాస్గో ఓడకే ఇసాక్ బయల్దేరాడు.

రెండు రోజుల తర్వాత మా గుమ్మంలో నిలబడి బిళ్ళ చాచాడు. దాని బెజ్జానికి ఎర్ర రిబ్బను కట్టి ఉంది. అంచులన్నీ నమిలేసి ఉన్నాయి.

"వెస్లీ ఏమన్నాడు?" అని అడిగాను నేను. అక్క అడగలేదు.

"ఏమీ అనలేదు. పిల్లదాని ఆటవస్తువుల్లో వెతికి ఇచ్చాడు."

అక్కకి పిల్లల్లేరు. ఆ బిళ్ళ అందుకుని, అంచు మీద బొటనవేలు నెమ్మదిగా ఆడించింది. చిన్న చిన్న పంటిగాట్లు. "పళ్ళొస్తున్నట్టున్నాయి దానికి," అంది. రిబ్బను విప్పేసి, మడిచి, కిటికీ దగ్గర పెట్టింది. "పిల్లదాన్ని ఏమీ అనను. శుక్రవారం గేటు దగ్గరుంటాను ఇసాక్. నువ్వే తగిలించాలి," అని బిళ్ళ తిరిగిచ్చింది.

శుక్రవారం పెళ్ళాలందరూ గేటు దగ్గరున్నారు. బెల్లా కూడా ఉంది. కూత వేసింది, మగాళ్ళు వరసగా కిటికీ దగ్గర బిళ్ళలు పడేసి వస్తున్నారు. ఇసాక్ వంతు వచ్చింది. తన బిళ్ళ ఇచ్చాడు. తర్వాత జేబులోంచి రెండోది తీశాడు.

"ఇదెవరిది?" అన్నాడు లోపలాయన.

ఇసాక్ ఏదో గొణిగాడు. అక్క జనంలోంచి, "వినపడలేదు ఇసాక్!" అంది.

"పర్డీది," అన్నాడు. "వెస్లీ పర్డీది. ఆ శుక్రవారం వాణ్ణి పడవలో దాటించింది నేనే. వాడు బతికే ఉన్నాడు."

లోపలాయన బిళ్ళ మీద నెంబరు చూశాడు, పంటిగాట్లు చూశాడు, వెనక్కి తిరిగి కొక్కేనికి తగిలించాడు. రెండున్నరేళ్ళకి ఆ కొక్కెం నిండింది. ఏం చేయాలో తెలీక చాలామంది మగాళ్ళు టోపీలు తీశారు.

"టోపీలు పెట్టుకోండి!" అని అరిచింది మా అక్క. "ఇక్కడెవడూ చావలేదు. చచ్చినవాళ్ళు ఆ సముద్రంలో ఉన్నారు. ఏడిస్తే వాళ్ళ కోసం ఏడవండి. బెల్లా చెల్లెలి కొడుకు కోసం ఏడవండి. నా మొగుడి కోసం తీసిన టోపీలు పెట్టుకోండి!"

ఒక్కొక్కళ్ళూ పెట్టుకున్నారు. బెల్లా శాలువా కొంగు నోట్లో కుక్కుకుని వెక్కివెక్కి ఏడ్చింది. అక్క ఆవిడ భుజం పట్టుకుని ఇంటిదాకా నడిపించింది. మర్నాడు పొద్దున్న నల్ల గౌను నాలుగు ముక్కలుగా చింపి, ఆ గుడ్డతో మా గుమ్మం మెట్టు తళతళలాడేలా తోమింది.

మిల్లులో దాని పని దానికి దక్కింది. ఇంకో ముప్పై ఏళ్ళు ఆ నీళ్ళలోనే నిలబడింది. మళ్ళీ పెళ్ళి ఎలా చేసుకుంటుంది, మొగుడు బతికే ఉన్నాడుగా! రొట్టెల బండి తోలే పెద్దమనిషొకాయన అడిగాడు కూడా, మంచివాడు. "నేను విధవని కాదయ్యా," అని చెప్పి పంపేసింది. ఆ రాత్రి ఒక్కటే అది వెస్లీని నోటికొచ్చినట్టు తిట్టగా విన్నాను. దాన్ని పూడ్చిపెట్టిన రోజున, సమాధి దగ్గర్నుంచి తిరిగొచ్చిన ఒకాయన మా గుమ్మం ముందే పక్కవాడితో అంటున్నాడు, "పాపం, ఓడ అడుగున మొగుడుండిపోయిన ఆవిడే కదా?" అని.

కొక్కేనికి బిళ్ళ తగిలించినా పోలేదు ఆ కథ. నేను అరిచి చెప్పినా పోదు. మొన్న కూడా ఒక కుర్రవాడు వచ్చాడు, శుభ్రంగా తల దువ్వుకుని. అన్ని ప్రశ్నలూ అడిగి, చివరికి గొంతు తగ్గించి, "ఇనుము మీద సుత్తి చప్పుడు మీరు మీ చెవులతో విన్నారటగా అమ్మా?" అన్నాడు.

"ఇనుము మీద కాదు నాయనా, చెక్క మీద," అన్నాను. వాడి చెయ్యి పట్టుకుని వీధి దాటించి, ఇసాక్ గ్రీర్ తలుపు దగ్గర నిలబెట్టాను. ఇప్పుడందులో వేరేవాళ్ళుంటున్నారు, ఏటేటా రంగు వేయిస్తారు. ఎన్ని పూతలు వేసినా ఆ నొక్కులు పూడలేదు. వాడి వేళ్ళు తీసుకుని వాటి మీద పెట్టి, తడిమి చూసుకోమన్నాను.